లోపం లేని దిమ్మ

చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఉపగ్రహంలో తొమ్మిది పరికరాలుండగా, బయలుదేరిన నాటి నుంచి నేటి వరకు ఒక్క లోపమైనా చూపని ఘనత ఏడవ నంబరు పరికరానికే దక్కిందని సంస్థవారు మొన్న అధికారికంగా ప్రకటించారు. మిగిలిన ఎనిమిదింటిలో ఒకటి వేడెక్కింది. ఇంకొకటి రెండు రోజులు మూగబోయింది. మరొకటి ఉత్తరాన్ని దక్షిణమని చెప్పి, తప్పు తెలిశాక కూడా సర్దుకోలేదు. ఏడవది మాత్రం వేడెక్కలేదు, మూగబోలేదు, పొరబడలేదు. ప్రకటనలో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఏడవ నంబరు పరికరం పద్నాలుగు కిలోల రెండువందల ఇరవై గ్రాముల అల్యూమినియం దిమ్మ.

ఇందులో తొందరపడి ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేదు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది. నిబంధనలకు విరుద్ధమైన పని ఈ వ్యవహారం మొత్తంలో ఒక్కటే ఉంది. అది చేసింది ఒక ముసలావిడ. ఆ సంగతి చివర్లో వస్తుంది.

ముందు దిమ్మ పుట్టుక చెప్పాలి. రాకెట్టు ఉపగ్రహాన్ని పైకి మోసుకుపోయేటప్పుడు విపరీతంగా కుదుపుతుంది. ఆ కుదుపుకు తట్టుకుంటుందో లేదో తెలుసుకోవడానికి ఉపగ్రహాన్ని ముందుగానే ఒక ఊగే బల్ల మీద బిగించి ఊపి చూస్తారు. అప్పటికి అసలు పరికరాలు తయారై ఉండవు. అందుకని ఒక్కోదానికి బదులు అంతే బరువు, అంతే ఆకారం ఉన్న లోహపు దిమ్మను బిగిస్తారు. బరువుగా ఉండటమే దిమ్మ ఉద్యోగం. పరీక్ష అయ్యాక దాన్ని విప్పి మూల పెడతారు.

ఏడవ నంబరు దిమ్మ జాతకం వేరు. కుదుపుల పరీక్షనాడు పెద్దలు ఫొటో దిగడానికి వస్తున్నారని తెలిసి, దిమ్మలు బోడిగా కనిపిస్తే సంస్థ మర్యాద ఏం కావాలని డైరెక్టరుగారు ఆవేదన చెందారు. వెంటనే ముందు వరసలో ఉన్న ఏడవ దిమ్మకు, అసలు పరికరానికి చుట్టే బంగారు రంగు రేకునే చుట్టారు. తీగలు తగిలించే సాకెట్లు నాలుగు బిగించారు. సాకెట్ల వెనక ఏమీ లేదు. అసలుదానికి కటకం ఉండేచోట నల్లటి గాజుబిళ్ళ అమర్చారు. ఫొటోలో దిమ్మ చాలా బాగా పడింది. పెద్దలలో ఒకరు దాని మీద చెయ్యి వేసి, ఇంతటి సున్నితమైన పరికరాన్ని తాకడం తన అదృష్టమన్నారు. దిమ్మ ఏమీ అనుకోలేదు.

అసలు పరికరం సంగతికి వస్తే, చంద్రుడి చీకటివైపు నేల ఎంత చల్లగా ఉంటుందో పైనుంచి చూసి చెప్పడం దాని పని. అంత ఎత్తు నుంచి అంత కొద్దిపాటి వేడిని పసిగట్టాలి గనక దాన్ని మహా సున్నితంగా తయారుచేశారు. గదిలోకి మనిషి వస్తే చాలు, అది గీసే గీత పైకి లేస్తుంది. మనిషి వెళ్ళిపోతే దిగుతుంది. జానెడు దూరంలో అరచెయ్యి పెడితే అరక్షణంలో గ్రహిస్తుంది. ప్రయోగశాలలో దాన్ని అత్తిపత్తి అనేవారు. ఆ పేరు పెట్టింది దాన్ని రూపొందించిన ఇంజనీరే. ఇంట్లో ఆయన తల్లి మాత్రం 'చంద్రుడికి జ్వరం చూసే పెట్టె' అనేది. సంస్థ అచ్చువేసిన నలభై పేజీల పుస్తకంలో కూడా ఇంత స్పష్టమైన వివరణ లేదు.

ఆ ఇంజనీరు భార్యా అక్కడే పనిచేస్తుంది. వెంట్రుకల్లాంటి తీగలను భూతద్దం కింద పెట్టి టంకంతో అతకడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తుండటంతో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ టంకం అక్కయ్య అయిపోయింది. అత్తిపత్తిలో ఆరువందల పన్నెండు అతుకులున్నాయి. ప్రతి అతుకూ ఆవిడ చేతిదే. మొగుడూ పెళ్ళామూ కలిసి ఆరేళ్ళలో చేసిన వస్తువు అది. ఈ ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఇంట్లో పోట్లాడుకున్న సందర్భాలు కూడా చాలావరకు దాని గురించేనని అత్తగారు సాక్ష్యం చెబుతుంది.

అత్తిపత్తి గీసే గీత ఒక కాగితపు చుట్ట మీద ఆగకుండా నమోదవుతూ ఉంటుంది. ఆ గీతలో రోజూ పదకొండు గంటల దగ్గర ఒక చిన్న గుబ్బ కనిపించేది. టీ తాగొచ్చిన ఇంజనీరు తెల్లకోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, దాని ముందు అరచెయ్యి చాపి, "ఏమే, మెలకువగానే ఉన్నావా?" అని పలకరించే వేళ అది. పరీక్షల విభాగం ఈ గుబ్బను 'వివరణ లేని చలనం' అనే పద్దు కింద ప్రతి నెలా నివేదించేది. వివరణ అందరికీ తెలుసు. పద్దు మార్చే అధికారం ఎవరికీ లేదు.

ఒక మంగళవారం ఉదయం ఆ ఇంజనీరు పని మధ్యలో కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పెట్టుకోలేదు. ఆయన పోయాక ఎవరో సొరుగులో పెట్టిన ఆ కళ్ళద్దాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. సంస్థ ఆస్తుల జాబితాలో లేవు గనక వాటిని అప్పగించమని ఎవరూ అడగలేదు.

ఆ మరుసటి రోజు నుంచి పదకొండు గంటల దగ్గర గీత సమంగా సాగింది. నెలాఖరున పరీక్షల అధికారి దాన్ని 'మెరుగుదల' అని నమోదు చేశాడు. అతను చెడ్డవాడు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గీత చదవడం అతనికి నేర్పింది ఆ ఇంజనీరే. కానీ పట్టికలో 'మెరుగుదల', 'క్షీణత' అని రెండే గళ్ళున్నాయి.

ఇంట్లో అత్తగారు కొడుకు గురించి ఎక్కువ మాట్లాడేది కాదు. పెట్టె గురించి మాట్లాడేది.

"వాడి పెట్టె ఎప్పుడెళ్తుందే?" అని అడిగిందొక రోజు.

"ఇంకో నెలన్నర అత్తయ్యా."

"అయితే ఈలోగా నా కళ్ళు బాగుచేయించు. ఇన్నాళ్ళూ పొరలు కమ్మినా ఊరుకున్నా. అది ఎగిరేటప్పుడు మాత్రం మసగ్గా చూడను."

అక్కయ్య తొమ్మిది రోజులు సెలవు పెట్టి అత్తగారికి కంటి ఆపరేషన్ చేయించింది. సరిగ్గా ఆ తొమ్మిది రోజులే అత్తిపత్తికి ఆఖరి పరీక్ష జరగవలసిన రోజులు. గాలి లేని పెద్ద డ్రమ్ములాంటి గదిలో పెట్టి, మార్చి మార్చి ఎండా చలీ చూపించే పరీక్ష. అందులో నెగ్గిన వస్తువే ఆకాశానికి వెళుతుంది.

ఆ డ్రమ్ములోకి కాగితం చీటీలు, జిగురు అంటించిన పేర్లు వెళ్ళకూడదని నిబంధన. గాలి లేనిచోట జిగురు ఆవిరై కటకాలకు అంటుకుంటుంది. మంచి నిబంధనే. అందుకని పేరు చీటీలన్నీ వస్తువు మీద కాకుండా, వస్తువుకు తొడిగిన సంచి మీద అంటిస్తారు. ఆ ఉదయం రెండవ బల్ల మీద అత్తిపత్తి, మూడవ బల్ల మీద దిమ్మ సంచుల్లో ఉన్నాయి. పరీక్షకు ముందు అసలుదాని తూకాన్ని దిమ్మ తూకంతో సరిచూడాలి గనక రెండింటి సంచులూ విప్పారు. తూకం గ్రాము తేడా లేకుండా సరిపోయిందని సంతోషించారు. ఆ సంతోషంలో ఏది ఏ బల్ల మీద పెట్టారో చూసుకోలేదు. సంచులు మాత్రం ఎక్కడివక్కడే జాగ్రత్తగా మడిచి పెట్టారు.

తొమ్మిది రోజులపాటు గీత తాడు బిగించి కట్టినట్టు సాగింది. పరీక్షల విభాగంలో ఇటువంటి గీతను ఎవరూ చూసి ఎరగరు. అయిదో రోజు నుంచి పక్క విభాగాలవాళ్ళు చూసిపోవడానికి వచ్చారు. తొమ్మిదో రోజు సాయంత్రం డైరెక్టరుగారు స్వయంగా వచ్చి, గీత పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. 'సంస్థ చరిత్రలో మొట్టమొదటి లోపరహిత పరికరం' అని పైకి లేఖ వెళ్ళింది. పైనుంచి అభినందన వచ్చింది. అభినందన వచ్చిన తరువాత అక్కయ్య సెలవు ముగించుకుని వచ్చింది. క్రమం గుర్తుంచుకోవాలి.

గీత చూడగానే ఆవిడకు అర్థమైంది. మూడవ బల్ల దగ్గరికి వెళ్ళి, అక్కడున్న దానికి తీగ తగిలించి, జానెడు దూరంలో అరచెయ్యి పెట్టింది. గీత లేచింది. చెయ్యి తీసింది. దిగింది. అలా నాలుగైదు సార్లు చేసింది. ఒకసారి సరిపోయేదే.

"డ్రమ్ములో పెట్టింది దిమ్మనయ్యా," అంది పరీక్షల అధికారితో.

అతను గీతనూ ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"తప్పు జరిగింది. మళ్ళీ పెడితే సరిపోతుంది. తొమ్మిది రోజులేగా. ఎగరడానికి ఇంకా పంతొమ్మిది రోజులుంది," అంది అక్కయ్య.

"పెట్టొచ్చు. కానీ ఆల్రెడీ అభినందన వచ్చేసిందక్కా. దాన్ని వెనక్కి పంపే ఫారం మన దగ్గర లేదు."

నిజంగానే లేదు. అతను వెతికాడు.

విషయం తెలిసిన డైరెక్టరుగారు ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా అయిదుగురితో ఒక కమిటీ వేశారు. అసలు పరికరానికి అన్యాయం జరగకూడదని, దానికీ ఒక రోజు పరీక్ష పెట్టి చూడమని ఆదేశించారు. కమిటీ సభ్యులు అయిదుగురూ తెల్లకోట్లు తొడుక్కుని లోపలికి వచ్చారు. గీత లేచింది. సభ్యులు ఆగారు. గీత ఆగింది. అధ్యక్షుడు పరికరం వైపు వంగి చూశాడు. గీత కాగితం అంచు దాటిపోయింది.

"ఇదేమిటి?" అన్నాడాయన.

"మిమ్మల్ని చూసింది సార్," అంది అక్కయ్య.

"మనం దాన్ని చూడటానికి వచ్చాం. అది మనల్ని చూడటమేమిటి?"

ఈ ప్రశ్న నివేదిక ఒకటవ పేజీలో యథాతథంగా ఉంది. పరిసరాల్లో ఏ మార్పు జరిగినా ఈ వస్తువు చలిస్తున్నదని, ఎదుటివారి హోదాతో నిమిత్తం లేకుండా స్పందిస్తున్నదని, దీనికి స్థిరత్వం లేదని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. రెండవ వస్తువు మీద మంచు పోసినా, మంట పెట్టినా, సభ్యులు అయిదుగురూ చుట్టూ నిలబడినా ఎటువంటి ప్రభావానికీ లోనుకాక నిశ్చలంగా ఉన్నదని, ఈనాటి పరిస్థితుల్లో సంస్థకు అటువంటి వ్యక్తిత్వమే కావాలని కూడా రాసింది.

అక్కయ్య లేచి, అది చలించడానికే చేసిన వస్తువండీ అంది. డైరెక్టరుగారు ఆవిడను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు.

"అమ్మా, నువ్వు మా అందరికీ తోబుట్టువు లాంటిదానివి. కానీ సైన్సులో భావోద్వేగాలకు చోటు లేదు. పరికరమంటే ఏమిటి? పరీక్షలో నెగ్గినది పరికరం. నెగ్గనిది ఎంత తెలివైనదైనా ఒట్టి వస్తువే. మన కళ్ళముందు రెండున్నాయి. ఒకటి తొమ్మిది రోజులు నిలబడింది. ఇంకొకటి మనం గదిలోకొస్తేనే కంగారుపడింది. ఆకాశానికి ఏది వెళ్ళాలో నువ్వే చెప్పు. ఆయన ఉండి ఉంటే ఆయనా ఇదే చెప్పేవాడు."

ఆయన ఉండి ఉంటే ఏం చెప్పేవాడో అక్కయ్యకు మాట మాటా తెలుసు. వాటిలో సగం ఆడవాళ్ళ ముందు అనదగినవి కావు. మిగతా సగం డైరెక్టరుగారి ముందు.

"మరో మాట," అన్నారు డైరెక్టరుగారు. "ఏడవ నంబరు మీద ఆయన పేరు చెక్కించి రేకు బిగిస్తున్నాం. చంద్రుడి దాకా ఆయన పేరు వెళుతుంది. ఇంతకన్నా ఏం కావాలమ్మా?"

ఆ మధ్యాహ్నమే రేకు బిగించారు. దిమ్మకు బిగించారు. అక్షరాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. రివెట్లు నాలుగూ సరిగ్గా పడ్డాయి. పనికి వంక పెట్టడానికి లేదు.

ఇక మిగిలింది ఆఖరి పత్రం. పరికరాన్ని ఉపగ్రహానికి బిగించేముందు, దాన్ని చేతులతో చేసినవాళ్ళు సంతకం పెట్టాలి. చేసిన ఇద్దరిలో మిగిలినది అక్కయ్యే. ఆవిడ సంతకం లేకపోతే ఉపగ్రహం తలుపు మూయడానికి వీల్లేదు. పత్రంలో ఎనభై మూడు ప్రశ్నలున్నాయి. ప్రతిదానికీ అవుననో కాదనో జవాబు రాయాలి. అబద్ధం రాస్తే శిక్ష ఉంది.

అక్కయ్య అబద్ధం రాసే మనిషి కాదు. నిజమే రాద్దామని, దాంతో పని ఆగిపోతుందని ఆశపడి పెన్ను తీసింది. బరువు సరిపోయిందా? అవును. మరలు లెక్కకు ఉన్నాయా? అవును. రేకు ఎక్కడైనా చిరిగిందా? లేదు. తొమ్మిది రోజుల పరీక్షకు పెట్టినది ఇదేనా? అవును. ఆ పరీక్షలో ఏదైనా లోపం కనిపించిందా? లేదు. పరీక్ష తరువాత దీని లోపల ఎటువంటి మార్పయినా చేశారా? లేదు. ఎనభై మూడూ చదివింది. మొదటి నుంచి మళ్ళీ చదివింది. నిజం చెబితే పని ఆగిపోయే ప్రశ్న వాటిలో ఒక్కటి కూడా లేదు. ఇది పనిచేస్తుందా అని ఎవరూ అడగలేదు. ఆ పత్రాన్ని ముప్పై ఏళ్ళ కిందట ఎవరో ఎంతో శ్రద్ధగా తయారుచేశారు. ఇలాంటి ప్రశ్న అవసరమవుతుందని వాళ్ళకు తట్టి ఉండదు.

చిట్టచివర 'వ్యాఖ్యలు' అని ఒక గడి ఉంది. అందులో పిల్లలకు కాపీ రాసిపెట్టినంత గుండ్రంగా ఇలా రాసింది: 'ఇది దిమ్మ. అసలు పరికరం మూడవ బల్ల మీద ఉంది.'

ఆ తరువాత చాలాసేపు సంతకం పెట్టలేదు. పరీక్షల అధికారి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అక్కా, మిగతా ఎనిమిదింటి వాళ్ళూ నీ కోసమే కూర్చున్నారు. వాళ్ళవి అసలైనవే. నువ్వు ఆపితే అవీ ఆగిపోతాయి. ఈ తేదీ దాటితే మళ్ళీ రాకెట్టు దొరికేది రెండేళ్ళకే."

"నేను రాసింది చదువుతారా?"

"చదువుతారక్కా. వ్యాఖ్య రాస్తే చర్య తీసుకోవాలని రూలు."

అక్కయ్య సంతకం పెట్టింది.

చర్య తీసుకున్నారు. నాణ్యతా విభాగం ఆ సాయంత్రమే మూడవ బల్ల దగ్గరికి ఒక ఉద్యోగిని పంపింది. అక్కడ నిజంగానే ఒక పరికరం ఉన్నట్టు అతను కళ్ళారా చూసి వచ్చాడు. 'వ్యాఖ్య వాస్తవమే. చర్య ముగిసింది' అని ముద్ర పడింది. ఉపగ్రహం తలుపు మూశారు.

ఎగిరిన రోజున అత్తగారు టీవీకి అడుగు దూరంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. రాకెట్టు లేచింది. కొత్త కళ్ళతో ఆవిడ చివరి పొగచుక్క మాయమయ్యేదాకా చూసింది. తెర మీద తొమ్మిది పరికరాల పేర్లూ, వాటిని చేసినవాళ్ళ పేర్లూ వరసగా వచ్చాయి. ఏడవ పేరు దగ్గర ఆవిడ పెదాలు కదిలాయి.

"వెళ్ళిందంటావా?" అని అడిగింది.

"పేరు వెళ్ళింది అత్తయ్యా."

"పెట్టె?"

అక్కయ్య సమాధానం చెప్పేముందు టీవీ గొంతు తగ్గించింది. "పెట్టె ఇక్కడే ఉండిపోయింది. బదులుగా దిమ్మ వెళ్ళింది."

ముసలావిడ కోడలి ముఖంలోకి చూసింది. కళ్ళు బాగా కనిపిస్తున్నాయి గనక ఆ చూపు తప్పించుకోవడం కష్టమైంది. "సరేలే," అంది చివరికి. "వాడి పేరు మొయ్యడానికి ఏదో ఒకటి ఉందిగా. ఆ పెట్టెను మాత్రం ఎక్కడా పారెయ్యనివ్వకు."

ఏడవ నంబరు చంద్రుణ్ణి చేరి పని ప్రారంభించింది. మొదటి నెల సున్నాలు పంపింది. సరిగ్గా చెప్పాలంటే అది ఏమీ పంపలేదు. ఏమీ రానప్పుడు సున్నా అని రాసుకోవడం అందుకునేవారి ఆచారం. చంద్రుడి చీకటివైపు ఎల్లవేళలా ఒకే చలి ఉంటుందని ఒక శాస్త్రవేత్త ఈ సున్నాల ఆధారంగా సిద్ధాంతీకరించాడు. మరొకాయన అదే సున్నాలతో, చంద్రుడికి చీకటివైపు అనేదే లేదని నిరూపించాడు. ఇద్దరికీ శాలువాలు కప్పారు. సున్నాలు ఇద్దరినీ సమానంగా సమర్థిస్తున్నందువల్ల పరికరం నిష్పాక్షికత కూడా రుజువైందని పత్రికలు రాశాయి.

దీని ఫలితంగా సంస్థలో ఆలోచన మారింది. తరువాతి ఉపగ్రహం డిజైనులో నాలుగు దిమ్మలకు చోటు కల్పించారు. ఆ పై దాని డిజైనులో తొమ్మిదీ దిమ్మలే. దిమ్మలకు కరెంటు అక్కర్లేదు గనక సౌరఫలకాలు మానేశారు. అవి ఏమీ పంపవు గనక ఏరియల్ తీసేశారు. అలా తగ్గిన బరువును సరిచెయ్యడానికి పదో దిమ్మ చేర్చారు. పరీక్షల విభాగానికి చేతినిండా విజయాలే. టంకం విభాగంలో పని లేక భూతద్దాలకు సంచులు తొడిగి, సంచుల మీద చీటీలు అంటించారు.

పని లేని ఉద్యోగిగా తేలిన అక్కయ్యను ప్రదర్శనశాలకు మార్చారు. సందర్శకులకు దారి చూపడం, వస్తువుల మీద దుమ్ము తుడవడం కొత్త బాధ్యతలు. ఆవిడ వెళ్ళేసరికి అక్కడ గాజు పెట్టెలో అత్తిపత్తి కూర్చుని ఉంది. కింద చీటీ: 'ఏడవ నంబరు పరికరం తాలూకు దిమ్మ. పనిచేయదు.' రికార్డుల ప్రకారం పరికరం చంద్రుడి దగ్గర ఉంది. కాబట్టి భూమ్మీద మిగిలినది దిమ్మే అయి ఉండాలి. లెక్క సరిగ్గా ఉంది.

అక్కయ్య చీటీ జోలికి పోలేదు. చీటీలు మార్చాలంటే కమిటీ కావాలి. మామూలు గాజు మనుషుల ఒంటి వేడిని లోపలికి పోనివ్వదు గనక, తుడిచే నెపంతో ముందువైపు పలక మాత్రం తీసేసింది. దిమ్మకు గాజెందుకని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన సొరుగులోంచి ముల్లున్న పాత మీటరొకటి తెచ్చి, తీగ కలిపి, పక్కన పెట్టింది. అలంకారం కోసమనుకున్నారు.

ఒక రోజు అత్తగారిని తీసుకొచ్చింది. గోడ మీద 'ప్రదర్శన వస్తువుల వైపు చేతులు చాపరాదు' అని పెద్ద అక్షరాల్లో ఉంది. కొత్త కళ్ళు గనక ముసలావిడ అది స్పష్టంగా చదివింది. చదివి, అడ్డంగా కట్టిన తాడు మీదుగా వంగి అరచెయ్యి చాపింది.

"ఏమే, మెలకువగానే ఉన్నావా?"

ఆ మాట ఇంట్లో ఎవరు చెప్పగా విన్నదో. ముల్లు లేచి, కాస్త వణికి, నిలబడింది. గోడ గడియారంలో పదకొండు కావస్తోంది. అక్కయ్య దుమ్ముగుడ్డ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. అక్కడ తుడవవలసిన వస్తువులేవీ లేవు.

అప్పటి నుంచి అత్తగారు గురువారం గురువారం వచ్చి ఆ నిబంధనను ఉల్లంఘించి వెళుతోంది. ఇందాక చెప్పిన నేరం ఇదే.

ఉపగ్రహం ఎగిరి ఏడాది నిండిన సందర్భంగా మొన్న ప్రదర్శనశాలలోనే సభ జరిపారు. మొదట్లో చెప్పిన ప్రకటన చదివింది అక్కడే. డైరెక్టరుగారు గాజు పెట్టె పక్కన నిలబడి మాట్లాడారు.

"మిత్రులారా, మనలో ప్రతి ఒక్కరూ ఏడవ నంబరును ఆదర్శంగా తీసుకోవాలి. అది ఫిర్యాదు చేసిందా? లేదు. ప్రశ్నించిందా? లేదు. దాని చుట్టూ ఏం జరుగుతున్నా తొణికిందా? లేదు. అటువంటి ఉద్యోగులు మనకు వందమంది ఉంటే, ఈ సంస్థను కదిలించే శక్తి లోకంలో ఏదీ ఉండదు."

సభలో మూడువందల మంది ఉన్నాం. దిమ్మకు రేకు చుట్టినవాళ్ళున్నారు, తూకం వేసినవాళ్ళున్నారు, మూడవ బల్ల దాకా వెళ్ళి చూసొచ్చిన ఉద్యోగి ఉన్నాడు, వాళ్ళ భార్యలూ భర్తలూ ఉన్నారు. పెట్టెలో ఉన్నదేదో, పైన తిరుగుతున్నదేదో తెలియనివాళ్ళు ఆ గదిలో బహుశా పదిమంది కూడా ఉండరు. తెలుసా అని ఎవరూ అడగలేదు. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. చాలాసేపు కొట్టాం. అరచేతులు వేడెక్కాయి. డైరెక్టరుగారి మోచేతి పక్కన పాత మీటరులో ముల్లు మెల్లగా లేచి, చివరి అంకె దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. పరీక్షల అధికారి ఒక్కడే దాన్ని చూశాడు. చప్పట్లు ఆపి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ప్రదర్శనశాల ఆదివారాలు తప్ప అన్ని రోజులూ తెరిచి ఉంటుంది. ప్రవేశం ఉచితం. వీలు చూసుకుని మీరూ రండి. చీటీ చదివాక ఒక్క నిమిషం పెట్టెకు ఎదురుగా నిలబడి, ముల్లు వైపు చూడండి. చిన్నపిల్లలకు కదులుతుంది, ముసలివాళ్ళకు కదులుతుంది, ఊరికే దారి తప్పి వచ్చినవాళ్ళకు కూడా కదులుతుంది. మీరు నిలబడినప్పుడు ఒకవేళ కదలకపోతే, పక్కనే దుమ్ముగుడ్డతో ఒకావిడ ఉంటుంది, వెళ్ళి చెప్పండి. ఆవిడ వచ్చి మిమ్మల్ని ఒకసారి చూస్తుంది. పెట్టెను మాత్రం అనుమానించదు.